ఒకే ఇంట్లో రెండు వీధులు

తక్ మల్‌సున్‌కు ఆ పేరు ఎందుకు వచ్చిందో కొరియా రేవుపట్నం గున్సాన్‌లో ఎవరూ అడగరు. నలుగురు ఆడపిల్లల తర్వాత ఐదోది కూడా ఆడపిల్లే అయ్యేసరికి, ఇక ఇదే ఆఖరు అని తండ్రి ఒట్టు పెట్టుకుని పెట్టిన పేరది. తెలుగింట్లో పుట్టి ఉంటే చాలమ్మ అయ్యేది. చాలు అన్నంత మాత్రాన సంతానం ఆగలేదు, ఆమె వెనక మరో ఇద్దరు ఆడపిల్లలే పుట్టారు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మల్‌సున్, "దేవుడికి మా నాన్న చేతిరాత అర్థం కాలేదు, టైపు చేసి పంపాల్సింది" అంటుంది.

టైపు మాట ఊరికే రాలేదు. రేవు దగ్గర వలలు అమ్మే కొట్టు పైన ఆమె ఇరవై రెండేళ్ళు టైపు బడి నడిపింది. పాఠం చెప్పేటప్పుడు పిల్లల వైపు చూసేది కాదు. వాళ్ళకు వీపు పెట్టి, కిటికీలోంచి పడవలు చూస్తూ నిలబడేది. నలభై మిషన్లు టకటకలాడుతుంటే ఎవరి వేలు పక్క మీట మీద పడిందో చెవితో పట్టేసేది. "మూడో వరుస చివరి పిల్లా, అది 'మ' కాదే, 'న'. నీ ఉంగరపు వేలికి నిద్రొస్తోందా?" అనేది. ఆ పిల్ల ఉలిక్కిపడి సర్దుకునేది. మంత్రగత్తె అని పిల్లలు చెవులు కొరుక్కునేవారు. మంత్రమూ లేదు, మాయా లేదు. ఏ పనైనా ఇరవై ఏళ్ళు చేస్తే చెవికి కళ్ళొస్తాయి.

కంప్యూటర్లు ఇంటింటికీ వచ్చాక టైపు బడి మూతపడింది. మల్‌సున్ ఏడవలేదు గానీ, నెల రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆ నెలలోనే పాత శిష్యురాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చెయ్యడం మొదలుపెట్టారు. టీచరమ్మా, ఇది ఆన్ కావట్లేదు. టీచరమ్మా, అక్షరాలన్నీ మాయమైపోయాయి. మీటలున్న వస్తువు ఏదైనా సరే, అది చెడితే టీచరమ్మే బాగు చెయ్యాలని వాళ్ళ లెక్క. రెండు పుస్తకాలు కొని చదివింది, మూడు కంప్యూటర్లు పాడు చేసింది, నాలుగోది బాగు చేసింది. ఇప్పుడు అరవై మూడేళ్ళ వయసులో, బూడిదరంగు స్కూటర్ మీద పనిముట్ల సంచి వేలాడేసుకుని ఊరంతా తిరుగుతోంది.

ఆమెకు ఒక పట్టుదల ఉంది. కంప్యూటర్‌కు ఏమైందని ముందు అడగదు. ఇది చివరిసారి బాగా పనిచేసినప్పటి నుంచి ఇంట్లో ఏం జరిగిందని అడుగుతుంది. కొందరికి ఇది నచ్చదు. నీకెందుకమ్మా మా ఇంటి గోల, వైరు చూసి పో అంటారు. ఆమె వైరే చూసి పోతుంది, వారం తిరక్కుండా వాళ్ళే మళ్ళీ పిలుస్తారు.

అక్టోబరులో ఒక శుక్రవారం, మధ్యాహ్నం మూడు దాటాక ఆమె ఫోన్ మోగింది.

"టీచరమ్మా, నేను హెరాన్‌ని. సేబ్యక్ ఫోటో స్టూడియో ప్యో గారి అమ్మాయిని."

"ఉంగరపు వేలు హెరాన్‌వా?"

"అబ్బా! ముప్పై ఏళ్ళయిందండీ. ఇంకా మర్చిపోరా?"

"వేలు మారిందా?"

"లేదు."

"మరి నేనెందుకు మర్చిపోతాను? చెప్పు, ఏమైంది?"

"కింద నాన్న కంప్యూటర్‌లో ఉన్న ఫోటోలు మేడ మీద నా కంప్యూటర్‌లోకి రావట్లేదు. సాయంత్రం ఆరింటికల్లా పంపాలి. ఆరు దాటితే అంతే సంగతులు."

"కిందా పైనేగా? దిగి తెచ్చుకో."

"దిగగలిగితే మిమ్మల్నెందుకు పిలుస్తానండీ?" అంది హెరాన్.

మల్‌సున్ సంచి భుజాన వేసుకుంది. అది ఏ రకం మరమ్మతో ఆమెకు అప్పుడే సగం తెలిసిపోయింది. మిగతా సగం ఊరికంతా తెలిసినదే. హెరాన్ ఒక ఫోటోగ్రాఫర్‌ను పెళ్ళి చేసుకుని ఇంచన్ వెళ్ళి, అక్కడ స్టూడియో పెట్టి, పదిహేనేళ్ళ తర్వాత స్టూడియో పోయి, పెళ్ళీ పోయి, రెండు పెట్టెలతో పుట్టింటికి వచ్చింది. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రి ప్యో మాన్‌గిల్‌కు డెబ్భై ఆరేళ్ళు. గడపలో నిలబడ్డ కూతుర్ని చూసి ఆయన నోట వచ్చిన మొదటి మాట, "స్టూడియో ఏదీ? మొగుడేడీ?" అని.

నోరు జారితే తీసుకోలేమంటారు. ఆయన తీసుకోవడానికి ప్రయత్నించనూ లేదు. హెరాన్ పెట్టెలు పట్టుకుని, బయటి ఇనుప మెట్ల మీదుగా, అద్దెకిచ్చే మేడ గదిలోకి వెళ్ళిపోయింది. ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి తండ్రీకూతుళ్ళ మధ్య నడిచిన మాటలన్నీ ఫోన్ సందేశాలే. అవి కూడా చెత్త బయట పెట్టే రోజు ఏదని.

మల్‌సున్ స్కూటర్ ఆపేసరికి మాన్‌గిల్ మూసేసిన స్టూడియో ముందు వెదురు బొంగులా సన్నగా నిలబడి ఆకులు ఊడుస్తున్నాడు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడు.

"పైకా?" అన్నాడు.

"పైకే. తర్వాత మీ దగ్గరికే, అన్నగారూ."

"నాది బాగానే ఉంది."

"చెడినవాళ్ళు అందరూ అదే అంటారు."

ఇనుప మెట్లు పంతొమ్మిది. మల్‌సున్ మోకాళ్ళు ఒక్కో మెట్టునూ పేరు పెట్టి తిట్టాయి. గదిలో తలుపు పక్కనే ఒక సంచి సర్ది, జిప్పు వేసి ఉంది. చెత్తబుట్టలో నూడిల్స్ కప్పులు ఒకదానిలో ఒకటి దోపి ఉన్నాయి. మల్‌సున్ రెండూ చూసింది.

"ఊరెళ్తున్నావా?"

"ఇది కుదరకపోతే సోమవారం ఆసాన్ వెళ్ళాలి. అక్కడ విడిభాగాల ఫ్యాక్టరీలో పని, హాస్టల్ కూడా ఇస్తారు."

కుదరాల్సింది ఏమిటో హెరాన్ గబగబా చెప్పింది. పాత బజారు వర్తకుల సంఘం మూలనున్న ఖాళీ కొట్టును రెండేళ్ళు అద్దె లేకుండా ఇస్తానంటోంది. ఆ కొట్టులో ఫోటో స్టూడియో తెరిచి, గోడల మీద బజారు పాత మనుషుల ఫోటోలు పెట్టేవాళ్ళకు. దరఖాస్తుతో పాటు ఇరవై ఫోటోలు, ఒక్కోదాని కింద రెండేసి వాక్యాలు. గడువు ఈరోజు ఆరు. బజారులో నలభై ఏళ్ళ పాటు మనుషుల ఫోటోలు తీసిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే, హెరాన్ తండ్రి. ఆయన స్టూడియో మూశాక మూడు చలికాలాలు కూర్చుని, నెగెటివ్‌లన్నీ ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. నాలుగు వేలకు పైనే ఉన్నాయి.

"ఇస్తానన్నాడా?"

"వారం కిందట మెసేజ్ పెట్టాను. 'పెట్టాను, తీసుకో' అని జవాబు. వృద్ధుల కేంద్రంలో నేర్చుకుని, ఫోల్డర్‌ను నా కంప్యూటర్‌లోనూ తెరుచుకునేలా పంచాడట. పంచినది కనిపిస్తే కదా!"

చిన్న పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తానే పైకి తెచ్చివ్వొచ్చని మల్‌సున్‌కు తట్టకపోలేదు. కానీ నాలుగు వేల పెద్ద ఫోటోలు ఆమె దగ్గరున్న దాంట్లో పట్టవు. ఏ ఇరవై కావాలో హెరాన్ చూసి ఏరుకోవాలి. పైగా ఒకే ఇంట్లో వాళ్ళకు తపాలా మోసే పని ఆమెకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. ఏడుగురు అక్కచెల్లెళ్ళున్న ఇంట్లో ఆ పని చాలా చేసింది.

లాప్‌టాప్ తెరిచి చూసింది. ఇరుగుపొరుగు యంత్రాల జాబితాలో ఒక్కటే పేరుంది, అది హెరాన్‌దే. తన వీధిలో తానొక్కతే ఉన్నట్టు. కింద మాన్‌గిల్ కంప్యూటర్‌కు ఏ అంకెలున్నాయో ఫోన్ చేసి అడిగింది. ఆయన కళ్ళద్దాలు వెతుక్కుని ఒక్కో అంకే చదివాడు. ప్రతి యంత్రానికీ నెట్‌వర్క్‌లో ఒక చిరునామా ఉంటుంది, వీధి పేరూ ఇంటి నంబరూ కలిసి. వీధి ఒకటైతేనే ఒకదానికొకటి కనిపిస్తాయి. ఈ రెండింటి వీధులు వేరు.

మల్‌సున్ వంగి బల్ల కింద చూసింది. గోడలోంచి కింది ఇంటి ఇంటర్నెట్ తీగ వస్తోంది. దాని చివర కొత్తగా మెరుస్తున్న తెల్లటి రౌటర్.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే. వైఫై కావాలంటే కింది రౌటర్ పాస్‌వర్డ్ అడగాలిగా." హెరాన్ అటువైపు తిరిగి చెప్పింది. "అడగడం ఇష్టం లేక నాదొకటి కొనుక్కున్నా."

"అంటే దీంతోనే వేరుకాపురం పెట్టేశావు."

కొరియాలో రౌటర్‌ను పంచుకునే పెట్టె అంటారు. ఆ ఇంట్లో పంచుకునే పెట్టెలు రెండున్నాయి, పంచుకున్నది మాత్రం ఏమీ లేదు. మల్‌సున్ తెల్ల పెట్టెను పీకి, కింది నుంచి వచ్చిన తీగను నేరుగా లాప్‌టాప్‌కు తగిలించింది. అంకెలు మారాయి. ఇప్పుడు రెండూ ఒకే వీధి. అయినా జాబితాలో మాన్‌గిల్ కంప్యూటర్ లేదు.

"చూశారా? ఇవ్వడం ఇష్టం లేదు ఆయనకి. ఇచ్చానంటాడు, దాచుకుంటాడు. చిన్నప్పుడు కెమెరా కూడా ఇంతే. 'తీసుకో' అనేవాడు, బీరువాకి తాళం వేసుండేది."

"తొందరపడకు. ముసలాళ్ళు దాచినదానికంటే నొక్కకూడనిది నొక్కి పోగొట్టినది ఎక్కువ."

పంతొమ్మిది మెట్లు దిగింది. స్టూడియో వెనక గదిలో మాన్‌గిల్ కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఒక నోటు పుస్తకం, అందులో వృద్ధుల కేంద్రంలో చెప్పిన పాఠం మెట్టు మెట్టుగా రాసుకున్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక మెట్టు తప్ప అన్నీ సరిగ్గా చేశాడు.

"అన్నగారూ, తీగ పెట్టినప్పుడు ఇది మిమ్మల్ని ఒక మాట అడిగి ఉంటుంది. పక్క కంప్యూటర్లకు కనిపించమంటారా అని."

"అడిగింది. కాదు అని నొక్కా."

"ఎందుకు?"

"కేంద్రంలో చెప్పారుగా. తెర మీద ఎవడు ఏమడిగినా కాదు అని నొక్కండి, మోసగాళ్ళుంటారు అని. కిందటేడు కేంద్రానికొచ్చే బేక్ గారు అవునని నొక్కి..."

"ఇది మీ ఇల్లా, బస్టాండా అని అది అడిగింది. మీరు బస్టాండన్నారు. బస్టాండులో ఎవరు ఎవరికి సంచి విప్పి చూపిస్తారు?"

మాన్‌గిల్ తెర వైపు కాసేపు చూశాడు. "వారం నుంచీ అందుకే రాలేదా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "అమ్మాయి ఏమనుకుందో."

ఆమె ఏమనుకుందో మల్‌సున్ చెప్పలేదు. బస్టాండును ఇల్లుగా మార్చింది. పైనుంచి "వచ్చింది!" అన్న కేక వినబడింది. మాన్‌గిల్ లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. మల్‌సున్ మళ్ళీ మెట్లెక్కింది.

జాబితాలో రెండో పేరు వచ్చింది. హెరాన్ దాని మీద నొక్కేసరికి ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. పేరు, పాస్‌వర్డ్. పేరు తెలుసు. పాస్‌వర్డ్ తెలియదు. గోడ గడియారంలో నాలుగూ యాభై.

"ఇదిగో, ఇప్పుడు చూడండి. మొన్నే ఆయన గుణం తెలిసింది నాకు." హెరాన్ ఫోన్ తీసి ముఖం మీద పెట్టినంత పని చేసింది. "ఎందుకైనా మంచిదని మొన్న పాస్‌వర్డ్ ఏంటని అడిగాను. చదవండి."

మల్‌సున్ చదివింది.

పాస్‌వర్డ్ ఏంటి నాన్నా? — అన్నం తిన్నావా

తిన్నాను. పాస్‌వర్డ్ చెప్పు. — అన్నం తిన్నావా

తిన్నానని చెప్పాగా! పాస్‌వర్డ్! — అన్నం తిన్నావా

వద్దులే. — అన్నం తిన్నావా

"ఎనిమిది నెలలు ముఖం చూడలేదు, తిన్నావా అని ఒక్కసారి అడగలేదు. పాస్‌వర్డ్ అడిగితే మాత్రం తిన్నావా, తిన్నావా, తిన్నావా! ఎగతాళి కాకపోతే ఏంటండీ ఇది?" హెరాన్ కళ్ళు తుడుచుకుంది. "చాలు టీచరమ్మా. మీకు శ్రమ. సోమవారం పోతాను."

గున్సాన్‌లో ఏ తండ్రైనా అడిగే మాటే అది. ఇల్లు కాలుతోందని ఫోన్ చేసినా ముందు తిన్నావా అనే అడుగుతారు. ముసలాయన మాట దాటేస్తున్నాడనే ఆమె కూడా అనుకుంది. ఒళ్ళు మండింది. చెప్పులు వేసుకుని దిగింది.

"పాస్‌వర్డ్ చెప్పలేదట మీరు," అంది గుమ్మంలోంచే.

"చెప్పా."

"ఎప్పుడు?"

"నాలుగు సార్లు పంపా."

"నేను చూశాను ఆ నాలుగూ. గంటే ఉంది. ఆ పిల్ల సంచి సర్దుకుని కూర్చుంది. ఇప్పుడు కూడా పంతమేనా? ఏమిటో నాకు చెప్పండి, నేను వెళ్ళి చెప్తా."

మాన్‌గిల్ చెవులు ఎర్రబడ్డాయి. "నోటితో చెప్పేది కాదు," అన్నాడు చివరికి.

"నోటితో కాకపోతే వేళ్ళతో చెప్పండి. ఆపి, మళ్ళీ ఆన్ చేసి కొట్టండి, నిజంగా అది పనిచేస్తుందో లేదో తెలియాలి. నేను చూడను."

చూడనన్నది చూడదు. వీపు తిప్పి కిటికీ వైపు నిలబడింది. బయట ఆకులు మళ్ళీ రాలాయి. వెనక మాన్‌గిల్ రెండు చూపుడువేళ్ళు మొదలుపెట్టాయి. ఆయనది పాతకాలపు మీటల పలక, గట్టిగా చప్పుడు చేసేది. ప్రతి మీట మీదా రెండక్షరాలుంటాయి, ఒక మూల ఇంగ్లీషు, ఒక మూల కొరియా. హల్లులు ఎడమ వైపు, అచ్చులు కుడి వైపు. ఎడమ కొస. కుడి. ఎడమ కొస. ఆగాడు. ఎడమ. కుడి. ఎడమ. ఆగాడు.

మల్‌సున్ వినకూడదనుకుంది. కానీ చెవులకు రెప్పలుండవు. ఇరవై రెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఈయన ఇంగ్లీషు కొట్టడం లేదు. ఇంగ్లీషు అయితే చేతులు ఇలా ఉయ్యాల ఊగవు. పన్నెండో దెబ్బ దగ్గర చాలాసేపు ఆగాడు, పెద్ద మీట ఒకటి నొక్కి పట్టుకుని ఇంకోటి కొట్టాడు. ఒత్తు. కొరియా మాటల్లో అయిపోయిన పనికి వచ్చే ఒత్తు. వెళ్ళావా, చేశావా, తిన్నావా.

మొత్తం పద్నాలుగు దెబ్బలు. కంప్యూటర్ తెరుచుకున్న చప్పుడైంది.

మల్‌సున్ వెనక్కి తిరిగింది. పాస్‌వర్డ్ పెట్టెలో కొరియా అక్షరాలు పడవు. అందుకే ఆ దేశంలో సగం మంది, కొరియా మాట ఒకటి మనసులో పెట్టుకుని ఆ మీటలే కొడతారు. పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలే పడతాయి, చదివితే అర్థం పర్థం ఉండదు. దొంగకు తెలియదు, తనకు మరపు రాదు. అది ఆమెకు కొత్త కాదు, బడిలో తానే వందమందికి నేర్పింది. ఇంత తెలిసినదై ఉండి, ఆ నాలుగు మెసేజ్‌లు చదివి ఒళ్ళు మండి దిగొచ్చింది!

"అన్నగారూ," అంది. "మీరు అమ్మాయిని తిన్నావా అని అడగలేదు. పాస్‌వర్డ్ చెప్పారు."

"రెండూనూ," అన్నాడు మాన్‌గిల్.

తెర వైపే చూస్తూ తనే చెప్పాడు. "కేంద్రంలో మాస్టారు చెప్పాడు. రోజూ అనుకునే మాట, మర్చిపోలేని మాట పెట్టుకోండి అని. అమ్మాయి రోజూ పొద్దున మెట్లు దిగుతుంది. చప్పుడు వింటా. అడుగుదామని గుమ్మం దాకా వస్తా. ఆ రోజు నేనన్న మాట గుర్తొస్తుంది, ఆగిపోతా. పోనీ ఈ కంప్యూటర్‌నైనా అడుగుదామని. ఆన్ చేసినప్పుడల్లా ఒకసారి అడుగుతా. కొన్నాళ్ళు ఊరికే ఆపి మళ్ళీ ఆన్ చేసేవాణ్ణి."

ఏదైనా చెప్తే మల్‌సున్‌కు ఏడుపొచ్చేలా ఉంది, పని ఇచ్చినవాళ్ళ ముందు ఏడవడం ఆమెకు పరువు తక్కువ. మూడోసారి మెట్లెక్కింది. ఈసారి మోకాళ్ళు ఏమీ అనలేదో, అన్నా ఆమె వినలేదో.

"హెరాన్, ఆయన నాలుగు సార్లు పంపిందే పాస్‌వర్డు. కొట్టు. ఇంగ్లీషులోనే ఉంచి, కొరియా అక్షరాలు చూసి కొట్టు. మధ్యలో ఖాళీ వదలకు."

హెరాన్ ఫోన్ వైపు చూసింది. లాప్‌టాప్ వైపు చూసింది. మళ్ళీ ఫోన్ తీసి పై నుంచి కింది దాకా చదివింది. తన మాటలు ఎంత కటువుగా ఉన్నాయో, ఆయన మాట నాలుగుసార్లూ ఎలా ఉందో అప్పుడు కనిపించింది. ఒక్క అక్షరం మారలేదు. పాస్‌వర్డ్‌లో ఎలా మారుతుంది?

"నేను... తిన్నానని కసిరాను," అంది.

"కొట్టవే తల్లీ, అయిదు దాటింది."

కొట్టింది. తప్పు అంది పెట్టె. మల్‌సున్ అప్పటికే అలవాటుగా గోడ వైపు తిరిగి ఉంది.

"ఉంగరపు వేలు!" అంది గోడతో. "అది 'మ' కాదే, 'న'."

హెరాన్ ఏడుస్తూనే పకాలున నవ్వింది. రెండోసారి మెల్లగా, ఒక్కో అక్షరం లోపల పలుకుతూ కొట్టింది. తండ్రి అడగలేక మింగేసిన మాటను ఆమె తన వేళ్ళతో తనే మొదటి నుంచి చివరి దాకా అడుక్కుంది. ఎనిమిది నెలల కోపం ఆ పద్నాలుగు దెబ్బల్లో ఎక్కడ పోయిందో ఆమెకే తెలియదు. ఫోల్డర్ తెరుచుకుంది.

బజారంతా అందులో ఉంది. తాటాకంత చేపను రెండు చేతులా ఎత్తి నవ్వుతున్న ఆడమనిషి. పళ్ళు లేని గొడుగులవాడు. పెళ్ళి బట్టల్లో, కాళ్ళకు మాత్రం రబ్బరు బూట్లతో ఒక జంట. హెరాన్ ఒక్కొక్కటీ తీస్తూ పక్కన పెట్టింది. ఇరవై ఏరడానికి పావుగంట కూడా పట్టలేదు, ఆమె కన్ను ఆ తండ్రిదే. అప్పుడు తలెత్తి, "అయ్యో!" అంది.

"ఏమైంది?"

"రెండేసి వాక్యాలు రాయాలిగా. వీళ్ళ పేర్లు నాకేం తెలుసు?"

మల్‌సున్ తన సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది, కావాలనే నెమ్మదిగా. ఇది ఆమె బాగు చేసే పని కాదు. హెరాన్ కాసేపు గోళ్ళు కొరికింది. గడియారం చూసింది. లేచి తలుపు తీసి, మెట్ల కొసన నిలబడింది.

"నాన్నా!"

కింద చీపురు ఆగింది.

"పెద్ద చేప పట్టుకున్నావిడ ఎవరు?"

"చేప ఎటు వైపు తలకాయ?" అని వచ్చింది జవాబు.

"ఎడమ వైపు!"

"అయితే ఓక్‌బున్. కుడి వైపైతే దాని చెల్లెలు. చేప ఒకటే, ఫోటోకని ఇద్దరూ పంచుకున్నారు!"

"అక్కణ్ణుంచి అరిస్తే నేనెలా రాసేది? పైకి రా!"

రమ్మన్న మాట అంత తేలిగ్గా వచ్చేసిందని ఇద్దరికీ తర్వాత గానీ తట్టి ఉండదు. మాన్‌గిల్ మెట్లెక్కాడు, మధ్యలో ఒకసారి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. లోపలికొచ్చి సర్దిన సంచి చూశాడు, నూడిల్స్ కప్పులు చూశాడు. కూతురి పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. గొడుగులవాడికి ముగ్గురు కొడుకులు, ముగ్గురూ చెప్పులు కుట్టేవాళ్ళే. బూట్ల పెళ్ళికొడుకుకు పెళ్ళి రోజు తెల్లవారుజామున కూడా పడవ ఎక్కక తప్పలేదు. ఆయన పది వాక్యాలు చెప్తే హెరాన్ రెండు రాసింది. "అంతేనా?" అని ఆయన, "రెండే అడిగారు" అని ఆమె, ఇరవై ఫోటోలకూ ఇరవై సార్లు పోట్లాడుకున్నారు. అయిదూ యాభై నాలుగుకు పంపు అన్న మీట నొక్కింది.

కొట్టు వస్తుందో రాదో వచ్చే వారం గానీ తెలియదు.

"రాకపోతే?" అంది హెరాన్, తెర వైపు చూస్తూ.

"రాకపోతే కింద స్టూడియో ఉంది. మూసింది నేనే, తెరవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు." మాన్‌గిల్ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "ఆ రోజు నేను అనకూడని మాటన్నాను. స్టూడియో ఏదని అడిగాను. ఇక్కడే ఉందిగా."

హెరాన్ లేచి, తలుపు పక్కనున్న సంచిని కాలితో లోపలికి నెట్టింది.

మల్‌సున్ అప్పటికి వెళ్ళిపోవాల్సింది. కానీ పని పూర్తి చెయ్యకుండా వెళ్ళడం ఆమెకు చేతకాదు. "అన్నగారూ, ఆ పాస్‌వర్డ్ ఇప్పుడు ముగ్గురికి తెలుసు. పద్ధతి ప్రకారం మార్చాలి," అంది.

"వద్దు టీచరమ్మా, అదే ఉంచండి," అంది హెరాన్ వెంటనే.

మాన్‌గిల్ ఆలోచించాడు. కిటికీ బయట ఆకుల వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు.

"మార్చెయ్యండి," అన్నాడు. "ఆ మాట నాకు నోట్లోకి కావాలి."

గొంతు సవరించుకుని అడిగాడు. హెరాన్ పొద్దున్నుంచీ ఏమీ తినలేదని చెప్పింది.